పోలిష్ నేర్చుకునేవారికి రెండో పుస్తకం



పోలిష్ భాషలో మొదటి పుస్తకం ముగించినవాళ్ళు రెండో పుస్తకం ఎలా ఎంచుకోవాలి అన్నది ఈరోజు నా ప్రసంగ విషయం. పేరు చెప్పుకోవడం, ఊరు చెప్పుకోవడం, అంగట్లో రొట్టె ధర అడగడం వరకూ మొదటి పుస్తకం నేర్పుతుంది. చాలామంది చదువు అక్కడే ఆగిపోతుంది. తెలివికీ పట్టుదలకీ లోటు లేనివాళ్ళు కూడా, ఆ తరువాత చేతికొచ్చిన పుస్తకం తమకు సరిపడక వదిలేస్తారు. అందుకే ఈ ఎంపిక గురించి కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి.

అనంతపురం జిల్లాలోని మన బుక్కరాయసముద్రంలో పోలిష్ మాట ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. వాన కోసం మొగమెత్తి చూసే నేల మనది. వేరుశనగ పంట చేతికి రాని ఏడు బెంగళూరుకో, కేరళకో వలస పోవడం మన పల్లెలకు పాత సంగతి. ఇప్పుడు చదువుకున్న పిల్లలు ఇంకా దూరం పోతున్నారు. వార్సా, క్రాకోవ్, వ్రోత్స్వాఫ్, లూబ్లిన్ అనే పేర్లు తెలుగు ఇళ్ళలో వినబడుతున్నాయి. వైద్యం చదవడానికి కొందరు, ఇంజనీరింగులో పైచదువులకు కొందరు, ఉద్యోగాలకు కొందరు పోలండ్ చేరుతున్నారు. 2022 మార్చిలో యుక్రెయిన్ యుద్ధం నుంచి బయటపడిన మన వైద్య విద్యార్థుల్లో ఎంతోమంది పోలండ్ సరిహద్దు దాటి, జెషూఫ్ విమానాశ్రయం నుంచే ఇంటికి చేరారు. ఆ దేశం మనకు మునుపటంత దూరం కాదు.

పల్లెటూరి పిల్లలకు విదేశీ భాష అబ్బుతుందా అనే అనుమానం మన జిల్లాకు అక్కర్లేదు. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) సంస్థ ఈ కరువు నేలలోని పిల్లలకే స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పింది. వాళ్ళు నేర్చుకున్నారు, ఆ భాషలతో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. మన మండలంలోని జంతలూరులో కేంద్రీయ విశ్వవిద్యాలయమే ఉంది. నేర్చుకునే శక్తి ఇక్కడ ఉంది. కావలసింది సరైన పుస్తకం.

ముందుగా మధ్యస్థాయి అంటే ఏమిటో చూద్దాం. యూరప్‌లో భాష వచ్చినదాన్ని ఆరు మెట్లుగా కొలుస్తారు. ఏ1, ఏ2 మొదటి రెండు మెట్లు. బి1, బి2 నడిమివి. సి1, సి2 పైవి. మనం మాట్లాడుకుంటున్నది ఏ2 దాటి బి1లో అడుగుపెట్టేవాళ్ళ గురించి. పోలండ్‌లో ఈ బి1కి చట్టపరంగా విలువ ఉంది. ఆ దేశ పౌరసత్వం కోరేవాళ్ళు సాధారణంగా బి1 స్థాయి పోలిష్ వచ్చునని ధ్రువపత్రం చూపాలి. అక్కడ దీర్ఘకాల నివాసం కోరేవాళ్ళకూ అదే మెట్టు. ప్రభుత్వం జరిపే ఆ పరీక్షలో అయిదు భాగాలుంటాయి: విని అర్థం చేసుకోవడం, చదివి అర్థం చేసుకోవడం, వ్యాకరణం, రాయడం, మాట్లాడడం. ఇంగ్లీషు మాధ్యమంలో వైద్యం చదివే మన పిల్లలు కూడా ఆసుపత్రి వార్డులో కాలు పెట్టిన రోజు పోలిష్ మాట్లాడక తప్పదు. కడుపునొప్పితో మంచం మీద పడుకున్న ముసలామె తన బాధ తన భాషలోనే చెబుతుంది.

పుస్తకం ఎంపిక అనే ఈ సమస్య మన సీమకు కొత్త కాదు. రెండు వందల ఏళ్ళ కింద ఇదే నేల మీద, తెలుగు నేర్చుకోవలసిన పరదేశీయులకు ఇదే చిక్కు వచ్చింది. అప్పటికి అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం. 1882 వరకూ అలాగే ఉంది. బళ్ళారి కలెక్టరుగా పనిచేసిన ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం రాసినవాడు. ఆ పుస్తకం 1816లో మద్రాసులో అచ్చయింది. ఆయన 1823లో ఈ జిల్లా బడుల మీద ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. జిల్లా మొత్తం మీద 533 బడులు, 6,641 మంది పిల్లలు అని లెక్క చెప్పాడు. ఆ బడుల్లో ఆయనకు కనబడిన పెద్ద లోపం పుస్తకాలదే. పిల్లలు పద్యాలు గడగడా అప్పజెబుతారు, వాటి అర్థం మాత్రం వాళ్ళకు తెలియదు. పుస్తకంలోని భాష వేరు, వాళ్ళు మాట్లాడే భాష వేరు. చదివింది బతుకులో అక్కరకు రాదు.

పరదేశీయుల పుస్తకాల్లో అలాంటి లోపాన్నే దిద్దడానికి పూనుకున్నవాడు సి.పి. బ్రౌన్. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చి, తెలుగులో పడి జీవితమంతా దానికే ధారపోసిన మనిషి. ఆయన వ్యాకరణం 1840లో వచ్చింది, తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. ఈ రెంటినీ అందరూ తలుచుకుంటారు. ఈ రెంటి నడుమ నిలిచే ఇంకో పుస్తకం ఉంది. 1850ల తొలి ఏళ్ళలో ఆయన ఒక తెలుగు రీడరు అచ్చువేయించాడు. అందులో ఏముంది? ఇంటి ఉత్తరాలు, వ్యాపారం ఉత్తరాలు, పోలీసు వ్యవహారాల కాగితాలు, రెవెన్యూ కాగితాలు. తోడుగా ఇంగ్లీషు అనువాదం, వ్యాకరణం వివరణ, చిన్న పదకోశం. అంటే అక్షరాలు వచ్చి, కొంచెం వ్యాకరణం వచ్చి, కచేరీలో కూర్చుంటే ఏ కాగితం ఎదురవుతుందో ఆ కాగితాన్నే పాఠంగా పెట్టాడు. మధ్యస్థాయి పుస్తకం ఎలా ఉండాలో బ్రౌన్ అప్పుడే చేసి చూపించాడు: నేర్చుకునేవాడి రేపటి బతుకు అందులో కనబడాలి, అతను తడబడే చోట వివరణ దొరకాలి.

ఈ రెండు కొలతలతోనే పోలిష్ పుస్తకాలను చూడాలని నా మనవి. ముందు రెండో కొలత తీసుకుందాం. తెలుగువాడు పోలిష్‌లో ఎక్కడ తడబడతాడు, ఎక్కడ తడబడడు?

ఉచ్చారణ అందరినీ భయపెడుతుంది. మనకు అంత భయం అక్కర్లేదు. మనకు స, ష, శ అని మూడున్నాయి కదా, పోలిష్‌లోనూ ఆ మూడూ ఉన్నాయి. కాస అంటే డబ్బు కట్టే కౌంటరు. కాష అంటే ధాన్యపు నూకతో వండే అన్నంలాంటి వంటకం. కాశ అంటే ఆడపిల్ల పేరు. ఇంగ్లీషువాడికి చివరి రెండూ ఒకేలా వినబడతాయి. చిన్నప్పుడు బళ్ళో ష, శ తేడా సరిగ్గా పలికించిన పంతులు దొరికినవాళ్ళకు ఈ పాఠం సగం వచ్చినట్టే. చలి అనేటప్పటి చ, చీమ అనేటప్పటి చ వేరువేరుగా పలుకుతాం. ఆ రెంటికీ దగ్గరి ధ్వనులు పోలిష్‌లో వేరువేరు అక్షరాలతో ఉన్నాయి. నాలుక మడిచి పలికే మూడో చకారం ఒక్కటి కొత్తగా పట్టుకోవాలి. మనకు నిజంగా కష్టం మాట చివర. అచ్చుతో ముగిసే మాటలకు అలవాటైన నోరు మనది. హల్లుల గుత్తుల మధ్య తెలియకుండానే ఒక ఉకారమో, ఇకారమో జొప్పిస్తాం. దానికి మందు వినడమే. కాబట్టి ఆడియో లేని పుస్తకం కొనవద్దు.

విభక్తుల విషయంలోనూ మనం ముందున్నాం. పోలిష్‌లో ఏడు విభక్తులు. డు ము వు లు అని వల్లె వేసినవాళ్ళకు విభక్తి అనే భావన విడమరచి చెప్పనక్కర్లేదు. పిలుపుకు వాడే సంబోధన కూడా వాళ్ళకుంది. మనకు చేత, తోడ అంటే తృతీయ. వాళ్ళకూ అలాంటిది ఒకటుంది. ఇంగ్లీషువాళ్ళ కోసం రాసిన పుస్తకాలు విభక్తి అంటే ఏమిటో చెప్పడానికే పేజీలు పేజీలు ఖర్చుపెడతాయి. ఆ పేజీలు మనం గబగబా తిప్పేయవచ్చు. మనం ఆగవలసిన చోటు వేరే ఉంది. మన ప్రత్యయాలు ఏ మాటకైనా దాదాపు ఒకేలా అంటుకుంటాయి. పోలిష్‌లో లింగాన్ని బట్టి, మాట చివరి అక్షరాన్ని బట్టి మారిపోతాయి, విశేషణం కూడా వెంట మారుతుంది. లేదు అన్నప్పుడు విభక్తే మారుతుంది. నాకు సమయం ఉంది అంటే మామ్ చాస్. నాకు సమయం లేదు అంటే నియె మామ్ చాసు. ఇలాంటివి సూత్రం చదివితే రావు, అభ్యాసాలు చేస్తే వస్తాయి. అభ్యాసాలు తక్కువున్న పుస్తకం ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి.

మనవాళ్ళకు సంతోషం కలిగించే సంగతి ఒకటుంది. ఇద్దరు మనుషులు, రెండు ఇళ్ళు అని మనం వేరుచేసి లెక్కపెడతాం. పోలిష్‌లోనూ మగవాళ్ళను లెక్కపెట్టే మాట వేరు. బహువచనంలో మగవాళ్ళున్న గుంపుకు ఒక క్రియారూపం. ఆడవాళ్ళకు, పశువులకు, వస్తువులకు కలిపి ఇంకో రూపం. అతను వచ్చాడు, ఆమె వచ్చింది, ఆవు వచ్చింది అని ఏకవచనంలో మనం చేసే విభజననే వాళ్ళు బహువచనంలో చేస్తారు. ఇంగ్లీషు ద్వారా నేర్చుకుంటే ఇది వింతగా కనబడుతుంది. తెలుగు ద్వారా నేర్చుకుంటే ఇంట్లో సంగతే.

అసలు కష్టం క్రియల దగ్గర. ఇక్కడే మధ్యస్థాయి పుస్తకం సత్తా తేలుతుంది. పోలిష్‌లో దాదాపు ప్రతి పనికీ క్రియలు జంటగా ఉంటాయి. ఒకటి జరుగుతున్న పనికి, అలవాటుగా చేసే పనికి. రెండోది ముగిసిన పనికి. పిసావెమ్ అంటే అప్పుడు రాస్తూ ఉన్నాను, ముగిసిందో లేదో చెప్పడం లేదు. నపిసావెమ్ అంటే రాసేశాను. మనం రోజూ రాస్తాను అన్నా, రేపు రాస్తాను అన్నా ఒకటే మాట వాడతాం. పోలిష్‌లో రోజూ రాయడానికి పిషె, రేపు రాసి ముగించడానికి నపిషె. తెలుగులో ఆలోచించి పోలిష్‌లో మాట్లాడేవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

రాకపోకల క్రియలు దీనికంటే ఒక మెట్టు పైన. యాడికి పోతాండావు అని అడిగితే, అనంతపురం పోతాండా అంటాం. నడిచిపోయినా అదే మాట, బస్సులో పోయినా అదే మాట. పోలిష్‌లో అలా కుదరదు. ఇప్పుడు నడిచి పోతుంటే ఇదె. రోజూ నడిచి పోయి వస్తుంటే హోద్జె. ఇప్పుడు బండిలో పోతుంటే యాదె. రోజూ బండిలో పోయి వస్తుంటే యెజ్‌జె. బుక్కరాయసముద్రం నుంచి అనంతపురానికి నాలుగు రకాల పోవడాలు. వీటికి ముందు ఉపసర్గలు చేరితే వెళ్ళిపోవడం, దాటడం, చేరడం, లోపలికి రావడం అని ఇంకా పెరుగుతాయి. క్రియల జంటలకు, రాకపోకల క్రియలకు ఒక్కో పాఠం ఇచ్చి దాటిపోయే పుస్తకం మనకు చాలదు. మూడు నాలుగు పాఠాల్లో తిరిగి తిరిగి వాటి దగ్గరికే తీసుకొచ్చే పుస్తకం కావాలి.

ఇక దొరికే పుస్తకాలు. క్రాకోవ్ నగరంలోనే చాలా పుస్తకాలు తయారవుతాయి. హుర్రా పో పోల్స్కు అనే వరుసలో మూడు భాగాలున్నాయి, మూడోది బి1కి. పోల్స్కి క్రోక్ పో క్రోకు అనే వరుసలో రెండో భాగం ఏ2 నుంచి బి1కి చేర్చేది. ఈ రెండు వరుసలూ ప్రధానంగా పోలిష్‌లోనే నడుస్తాయి, ఇంగ్లీషు వివరణ మీద ఆధారపడవు. బొమ్మలు, సంభాషణలు, వినే పాఠాలు బాగుంటాయి. పోలండ్‌లో తరగతికి వెళ్ళేవాళ్ళకు ఇవి మేలు. ఎవా లిపిన్‌స్కా రాసిన స్ పోల్స్కిమ్ నా తి అనేది కూడా బి1 పుస్తకమే. చదివే పాఠాలు కోరేవాళ్ళు దాన్ని చూడాలి.

పంతులు లేకుండా ఇక్కడ ఇంట్లో కూర్చుని చదివేవాళ్ళ అవసరం వేరు. వాళ్ళకు వివరణ కావాలి, జవాబులు కావాలి. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన ఆస్కర్ స్వాన్ ఇంటర్మీడియట్ పోలిష్ అనే పుస్తకం రాశాడు. డానా బియెలెత్స్ అదే పేరుతో ఒక వ్యాకరణ అభ్యాస పుస్తకం రాసింది, జవాబులు అందులోనే ఉన్నాయి. రెండింటిలోనూ వివరణ ఇంగ్లీషులో ఉంటుంది. రాకపోకల క్రియలకే యూజెఫ్ పీజిక్ విడిగా ఒక అభ్యాస పుస్తకం రాశాడు. ఇందాక చెప్పిన నాలుగు పోవడాలు ఒంటబట్టాలంటే అది చేయవలసిందే.

నా తీర్పు ఇది. ఇక్కడ ఒంటరిగా చదివేవాళ్ళు వివరణ ఉన్న వ్యాకరణ పుస్తకం ఒకటి, క్రాకోవ్ పుస్తకాల్లో ఆడియో ఉన్నది ఒకటి, రెండూ కలిపి నడపాలి. పోలండ్ చేరి తరగతిలో కూర్చున్నవాళ్ళకు తరగతి పుస్తకం ప్రధానం, వ్యాకరణం పక్కన తోడు. రెండు పుస్తకాలకు మించి పెట్టుకోవద్దు. అయిదు పుస్తకాల్లో మొదటి మూడేసి పాఠాలు చదివినవాళ్ళకంటే ఒక పుస్తకం చివరి పేజీ దాకా చేసినవాళ్ళకు భాష బాగా వస్తుంది.

కొనేముందు చేయవలసిన పరీక్షలు కొన్ని చెబుతాను. పుస్తకం మధ్యలో ఒక పేజీ తెరవండి. నూరు మాటల్లో తెలియనివి అయిదు ఉంటే ఆ పుస్తకం మీకు సరిపోయింది. పదిహేను ఉంటే అది ఇంకో ఆర్నెల్ల తరువాతి పుస్తకం. ఒక్కటీ లేకపోతే మీరు దాన్ని దాటిపోయారు. అట్ట మీద రాసిన బి1 అనే అక్షరాలకంటే ఈ లెక్కను నమ్మండి.

పాత పుస్తకమా, కొత్తదా చూడండి. పోలండ్ 1995 జనవరిలో తన నాణెం మార్చింది. పదివేల పాత జ్లోతీలు ఒక కొత్త జ్లోతీ అయ్యాయి. సంభాషణలో రొట్టె ధర వేలల్లో ఉంటే ఆ పుస్తకం అంతకు ముందుది. వ్యాకరణం వరకు పాత పుస్తకం పనికొస్తుంది. ఊరు, బజారు, ఆఫీసు, ఫోను గురించిన భాషకు కొత్తదే కావాలి.

మర్యాద ఎలా నేర్పుతుందో చూడండి. పోలిష్‌లో కొత్తవాళ్ళతో, పెద్దవాళ్ళతో పాన్ అని, ఆడవాళ్ళైతే పాని అని, ప్రథమ పురుష క్రియతో మాట్లాడాలి. మీరు, నువ్వు తేడా పాటించే మనకు ఆ మర్యాద విలువ తెలుసు. కుర్రకారు సంభాషణలతోనే నిండిన పుస్తకం చదివిపోతే ప్రొఫెసరు దగ్గర, డాక్టరు దగ్గర, ఆఫీసు కిటికీ దగ్గర నువ్వు అన్నంత పని అవుతుంది. ఒక అర్జీ రాయడం, ఇంటి యజమానికి ఉత్తరం రాయడం, పని ఒప్పందం చదవడం, డాక్టరుకు బాధ చెప్పడం, ఇవి పాఠాల్లో ఉన్నాయో లేదో విషయసూచికలోనే తెలిసిపోతుంది. బ్రౌన్ ఉత్తరాలనూ రెవెన్యూ కాగితాలనూ పాఠాలుగా పెట్టింది ఇందుకే.

సాహిత్యం మీద ప్రేమ ఉన్నవాళ్ళు తొందరపడి సియెన్‌కెవిచ్ చారిత్రక నవలలతో మొదలుపెట్టవద్దు. ఆయన 1905లో నోబెల్ అందుకున్న మహా రచయిత, కాని ఆ భాష పందొమ్మిదో శతాబ్దపు భాష, అందులోనూ పాతకాలపు నుడికారం. యూలియన్ తువిమ్ పిల్లల కోసం రాసిన పద్యాలు, 1996లో నోబెల్ పొందిన షింబోర్స్కా చిన్న కవితలు బి1 చివర చదవవచ్చు. అర్థం తెలియని పద్యాలు వల్లె వేయించే చదువు ఎంత దండగో క్యాంప్‌బెల్ మన జిల్లా గురించే రాశాడు కదా.

చివరగా నా విన్నపాలు రెండు. మొదటిది మన విశ్వవిద్యాలయాలకూ, గ్రంథాలయాలకూ. ఈ పుస్తకాలు ఖరీదైనవి. ఒక్కో విద్యార్థి కొనడం కష్టం. అనంతపురం జిల్లా గ్రంథాలయంలోనూ, విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లోనూ మధ్యస్థాయి విదేశీ భాషా పుస్తకాలు, ఆడియోతో సహా, ఒక అర నింపి పెట్టండి. మొదటి పుస్తకాలు మాత్రమే తెప్పిస్తే పిల్లలను వాకిట్లోనే నిలబెట్టినట్టవుతుంది.

రెండో విన్నపం ఇప్పటికే పోలండ్‌లో ఉన్న మన పిల్లలకు. మీ చేతిలోకి రోజూ వచ్చే కాగితాలు దాచండి: హాస్టలు నోటీసు, ఆసుపత్రి ఫారం, జీతం చీటీ, ఇంటి అద్దె ఒప్పందం. పేర్లు, సొంత వివరాలు తీసేయండి. పక్కన తెలుగు అర్థం రాయండి, మనవాళ్ళు ఎక్కడ తడబడతారో కింద వివరించండి. పరదేశం నుంచి వచ్చిన బ్రౌన్ మన భాషకు చేసిన పని అదే. తెలుగువాళ్ళ కోసం తెలుగులో వివరించే మధ్యస్థాయి పోలిష్ పుస్తకం రావాలి. అది మీరు రాయగలరు, ఇప్పుడే మొదలుపెట్టండి.